ఇనుప ర్యాక్ మీద గీతలు

మా బావని పనిచేసే చోట అందరూ ఫస్ట్ లెవెల్ అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. సిగ్గుపడాల్సిన పని వేరే చేశాను, దానికి తర్వాత వస్తాను. ఇరవై రెండేళ్ళు గేమ్ మెషిన్లు బాగుచేసిన మనిషి ఒక్క గేమైనా మొదటి లెవెల్ దాటి ఆడలేదంటే ఇంకేమని పిలవాలి?

ఆడకపోవడానికి కారణం ఉంది. బాగుచేసిన ప్రతి మెషిన్నీ కస్టమర్‌కి ఇచ్చేముందు నడిపి చూడాలని ఆయన కంపెనీ రూలు. అందుకోసం కొండ దారుల్లో కారు నడిపే గేమ్ ఒకటి ఇచ్చారు. మొదటి లెవెల్ ఆడాలి. ఆడుతూ ఫ్యాను చప్పుడు వినాలి, అడుగున చెయ్యి పెట్టి వేడి చూడాలి, ఆపేసి ప్యాక్ చేయాలి. మూడు మలుపులు, ఒక వంతెన, ఒక సొరంగం, సొరంగం బయట జెండా. జెండా కనిపించగానే బావ చెయ్యి దానంతటదే స్విచ్ మీదకి పోయేది. ఒకసారి మా ఇంట్లో కళ్ళకి తువ్వాలు కట్టుకుని ఆడి చూపించాడు, ఎక్కడా గుద్దుకోలేదు. జెండా అవతల ఏముందని మా ఆవిడ అడిగితే మాత్రం, అవతలది మన పని కాదమ్మా అన్నాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. అదే వీధిలో, ఆయన సర్వీస్ సెంటర్‌కి ఎదురుగా, ఫోన్లు రిపేరు చేసే షాపు నాది. ఆ పని నా చేతికి వచ్చిందంటే బావ చలవే. డిగ్రీ తప్పి గాలికి తిరుగుతున్న నన్ను తన పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని, బియ్యపు గింజంత చిప్పుని బోర్డు మీంచి లేపి మళ్ళీ అతికించడం నేర్పాడు. వంకరగా పెడితే స్క్రూడ్రైవర్ పిడితో వేళ్ళ మీద ఒక్కటిచ్చేవాడు. ఆ వేళ్ళతోనే ఇవాళ నా సంసారం నడుస్తోంది.

సర్వీస్ సెంటర్ ఒక మందుల షాపు మీద, రెండో అంతస్తులో ఉండేది. మెట్లెక్కగానే గాజు తలుపు, కౌంటర్, కౌంటర్ వెనక రిసెప్షన్ అమ్మాయి. లోపలి గదిలో నాలుగు బల్లలు. నేను నేర్చుకునే రోజుల్లో నాలుగు బల్లల దగ్గరా మనుషులుండేవారు, కాలు పెట్టడానికి చోటుండేది కాదు. తర్వాత ఒకాయన లిఫ్టుల కంపెనీకి పోయాడు, ఒకాయన ఆసుపత్రి స్కానింగ్ మెషిన్ల వైపు పోయాడు, మూడో ఆయన రిటైరయ్యాడు. వాళ్ళ స్థానంలో కంపెనీ ఎవర్నీ వేయలేదు. మంచిదే, గదిలోకి గాలి వస్తోంది అన్నాడు బావ.

ఆ గదిలో గోడకి ఆనించి ఒక ఇనుప ర్యాక్ ఉండేది. కింద నుంచి పైకి ఎనిమిది వరసలు, వరసకి ఐదు గళ్ళు. వచ్చిన మెషిన్‌కి చీటీ కట్టి కింది వరస నుంచి నింపుకుంటూ పోవడం బావ పెట్టిన పద్ధతి. కంపెనీ ఐదారేళ్ళకోసారి కొత్త మెషిన్ తెచ్చేది. ఒక్కో మెషిన్ కాలంలో ర్యాక్ ఎక్కువలో ఎక్కువ ఏ వరసదాకా నిండిందో చూసి, అక్కడ పక్క పట్టీ మీద నల్ల మార్కర్‌తో గీత గీసేవాడు. గుమ్మానికి ఆనించి పిల్లల ఎత్తు గీసినట్టు. తేడా ఏమిటంటే, ఈ పిల్ల పెరిగేకొద్దీ పొట్టిదవుతోంది. మొదటి మెషిన్ గీత ఎనిమిదో వరస నెత్తిన ఉంది, అప్పట్లో నేల మీద కూడా పెట్టేవారు. రెండో మెషిన్‌ది ఏడో వరస. మూడోది ఐదు. నాలుగోదాని గీత మూడో వరస దగ్గర, వంగి చూస్తే గాని కనపడదు.

గీతలు చూపించి, బావా ఇది మునిగే పడవలా ఉంది అన్నాను ఒకరోజు. ఆయన నన్ను జాలిగా చూశాడు. మొదటి మెషిన్‌లో గేమ్ డిస్కు చదివే లెన్స్ ఆర్నెల్లకే పోయేదట, ఇప్పుడు ఆరేళ్ళయినా పోవడం లేదట. గీత దిగిందంటే చెడిపోయేవి తగ్గాయని అర్థమట, అది కంపెనీ గొప్పతనమట. గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు ఏడు వరసగా వేలాడుతున్నాయి. తక్కువ ఫిర్యాదులు వచ్చిన సెంటర్ అని హెడ్డాఫీసు ఏటా పంపేది. గది ఎంత ఖాళీ అయితే ఫ్రేములు అంత పెరిగాయి.

"చెడిపోవాలంటే ముందు ఎవడో ఒకడు కొనాలి కదా బావా" అన్నాను.

"నీకు పగలడమే తెలుసు. మన్నడం అంటే ఏంటో నీకేం తెలుస్తుంది?" అన్నాడు.

ఆయన వాదన వట్టి మొండితనం అని కొట్టిపారేయను. కంపెనీకి పడిలేవడం కొత్త కాదన్న మాట నిజమే. రెండో మెషిన్ చివరి రోజుల్లో కూడా ఇక దీని పని అయిపోయిందని పేపర్లో రాశారు, మూడోది రాగానే కొనేవాళ్ళు వరస కట్టారు. ఒక మెషిన్‌కీ ఇంకో మెషిన్‌కీ మధ్య ఎప్పుడూ ఇంతేనని, కొత్తది వస్తే మళ్ళీ కళ వస్తుందని ఆయన నమ్మకం. నేను చెప్పేదల్లా ఒకటే: లేచిన ప్రతిసారీ పోయినసారి లేచినంత ఎత్తుకి లేవడం లేదు. ఆ గీతలు నేను గీసినవి కావు, ఆయన చేత్తో ఆయన గీసుకున్నవి. జనమంతా ఆటలు ఫోన్లలో ఆడుకుంటున్నారు. ఆ ఫోన్లు పగిలి నా షాపుకి వచ్చి పడుతున్నాయి. నా ట్రేలు చాలక చెప్పుల డబ్బాల్లో పెట్టుకుంటున్నాను. ఆ మాటంటే బావకి ఒళ్ళు మండేది. ఫోన్ కూడా ఒక మెషినేనా, దాన్ని దొడ్లోకి కూడా పట్టుకుపోతారు అనేవాడు.

పక్క గది కూడా తీసుకుని షాపు పెద్దది చేశాను. కొత్త బల్ల, బోర్డులు చూసే మైక్రోస్కోపు, నడుముకి మెత్త ఉన్న కుర్చీ వేయించాను. నాకు నడుం నొప్పి లేదు. బావకి ఉంది. ఇరవై ఏళ్ళు స్టూలు మీద వంగి కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. అక్క ఒక స్కూల్లో గుమాస్తా. ఆవిడ నన్ను పక్కకి పిలిచి, ఆయన్ని ఎలాగైనా లాక్కోరా, అక్కడ ఒక్కడూ గోడలతో మాట్లాడుకుంటున్నాడు అంది. నేను అడిగాను. ఫోన్లా అని ముఖం చిట్లించాడు గాని, అక్క చూస్తోందని కొంచెం తగ్గాడు.

"ఐదో మెషిన్ వస్తోంది. ఆర్నెల్లు ఆగు. ర్యాక్ మూడో వరస దాటకపోతే నా టూల్స్ బ్యాగు నేనే పట్టుకుని నీ షాపుకొస్తా" అన్నాడు.

సరే, ఆర్నెల్లు ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వను అని అక్క ముందు మాటిచ్చాను.

ఐదో మెషిన్ వచ్చింది. దాని స్క్రూలకి మూడు మూలల తల ఉంటుందని తెలిసి బావ ముందే వాటికి సరిపడే స్క్రూడ్రైవర్ బిట్లు తెప్పించుకుని, పొడుగును బట్టి సర్దుకున్నాడు. ర్యాక్ తడిగుడ్డతో తుడిచాడు. మొదటి నెల రెండు వచ్చాయి. రెండో నెల మూడు. నాలుగో నెల దాటినా కింది వరస నిండలేదు. టీ తాగే వంకతో రోజూ పైకెళ్ళి ఆ ర్యాక్‌ని ఓరకంట చూసుకుని వచ్చేవాణ్ణి. లోపల సంతోషంగా ఉండేది. బావ వస్తాడని సంతోషమో, నా మాట నెగ్గుతోందని సంతోషమో నేను విడదీసి చూసుకోలేదు. చూసుకోవాల్సింది.

ఐదో నెలలో ర్యాక్ నిండడం మొదలైంది. వారంలో రెండో వరస, ఇంకో వారంలో మూడో వరస. లారీ సర్వీసు వాడు అట్టపెట్టెలు భుజాన వేసుకుని మెట్లెక్కి వస్తూనే ఉన్నాడు. ఆరో నెల సగానికి ఆరో వరస నిండింది. బావ స్టూలెక్కి గీత గీశాడు, నన్ను పిలిచి మరీ గీశాడు. పెట్టెల మీద చీటీలు చూస్తే అన్నీ దూరం ఊళ్ళ పేర్లు, మూడు నాలుగు జిల్లాల అవతలివి. ఇక్కడిదాకా ఎందుకు పంపుతున్నారని అడిగాను.

"మంచి చెయ్యి ఎక్కడుందో కనుక్కుని పంపిస్తారురా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ర్యాక్ ఖాళీగా ఉంటే నాణ్యత, నిండితే గిరాకీ, పెట్టెలు దూరం నుంచి వస్తే ఆయన చేతి మహిమ. ఇలా లెక్క వేసుకునే మనిషికి ఏ కంపెనీ అయినా ఎప్పుడు మునుగుతుంది? అయినా అప్పటికి అసలు కారణం నాకూ తెలియదు. షాపుకి దిగివచ్చాను.

ఆ ఆదివారం అక్క ఇంట్లో భోజనాలు. బావ అన్నగారు, వదినగారు, వాళ్ళ వియ్యంకులు వచ్చారు. అందరూ తింటూ ఉండగా బావ గొంతు సవరించుకున్నాడు. నన్ను చూపించి, వీడు ఆర్నెల్ల నుంచి నాకోసం కుర్చీ వేసుక్కూర్చున్నాడు, మా కంపెనీ ఎప్పుడు పోతుందా అని రోజూ మెట్లెక్కి చూసి పోతున్నాడు అన్నాడు. ఇస్త్రీ మడత నలగనట్టు కూర్చునే వియ్యంకుడు కూడా పళ్ళు ఇకిలించాడు. బావ అక్కడితో ఆగలేదు.

"నేను వేళ్ళ మీద కొట్టి నేర్పిన పనితో పగిలిన అద్దాలు అతికించుకునేవాడు, నాకు ఉద్యోగం ఇస్తాట్ట."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, చేత్తో నోరు మూసుకుని. మిగతావాళ్ళ నవ్వు తుడిచేసుకోవచ్చు, అక్క నవ్వు లోపలికి దిగింది. ముద్ద కంచంలోనే వదిలేశాను. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

నాలుగు రోజులు గడిచాక సర్వీస్ సెంటర్ రిసెప్షన్ అమ్మాయి నా షాపుకి వచ్చింది. ఫోన్‌కి చార్జింగ్ ఎక్కడం లేదట. చార్జరు పెట్టే సందులో దుమ్ము పేరుకుపోయింది, సూదితో తీస్తున్నాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. కంపెనీ మూడు సెంటర్లు మూసేసింది. వాటికి పోవాల్సిన పెట్టెలన్నీ ఇక్కడికి మళ్ళించారు. వచ్చే నెలాఖరుకి దీన్నీ మూస్తారు. కంపెనీ ఈ వైపు అమ్మకాలే ఆపేస్తోంది. మెయిల్ తనకే వచ్చింది, సిబ్బందికి చివరి వారం దాకా చెప్పొద్దన్నారు.

"సార్ ఆ గీత చూసుకుని మురిసిపోతున్నారన్నా. నాకు నోరు రావట్లేదు. ఇంట్లోవాళ్ళు మీరైతే మెల్లిగా చెప్తారు కదా" అంది.

"చెప్తాలేమ్మా" అన్నాను.

ఫోన్ బాగుచేసి ఇచ్చాను, ఆ పిల్ల గుండె బరువు దిగినట్టు వెళ్ళిపోయింది. అంతకు రెండు రోజుల ముందు ఒకావిడ పని అడుగుతూ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, ఫోన్ల ఫ్యాక్టరీలో చేసిన మనిషి, చెయ్యి నిలకడైనది. ఆలోచించి చెప్తానని పంపాను. ఇప్పుడు ఆవిడ నంబరు తీసి, సోమవారం నుంచి రమ్మన్నాను. నా షాపు గుమ్మం నుంచి బావ గది మెట్లు నలభై అడుగులు. అందరి ముందూ నా గాలి తీసిన మనిషికి ఇంతకంటే బాగా బుద్ధి చెప్పే అవకాశం రాదనుకున్నాను. కుర్చీ గడువు ఎలాగూ ఆయనే కాలదన్నుకున్నాడు కదా అని నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. సోమవారం పొద్దున్నే ఆవిడ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది, నడుముకి మెత్త బాగుందండీ అంది.

ఆ నెలంతా బావ పనిచేసినట్టు ఎవరూ పనిచేయలేదు. కిటికీలోంచి కనపడేవాడు, వంగిన వీపు, పక్కన టంకం పొగ. ఇన్ని ఊళ్ళు నన్ను నమ్మి పంపాయని అక్కతో చెప్పి, సెలవు రోజుల్లో కూడా వెళ్ళాడు. ఆరు వరసల మెషిన్లు ఒక్కొక్కటే విప్పి, బాగుచేసి, ఒక్కొక్కదాని మీదా మొదటి లెవెల్ ఆడి, జెండా చూసి, ఆపి, ప్యాక్ చేసి పంపాడు. తన కింద నేలని తనే తవ్వుతున్నాడని తెలియదు. తెలిసినవాణ్ణి నేను, ఎదురుగా కూర్చుని టీ తాగుతూ చూశాను. రోజులు గడిచేకొద్దీ వెళ్ళి చెప్పడం ఇంకా కష్టమైంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏ మొహం పెట్టుకుని జవాబివ్వాలి? అలా అలా చివరి వారం వచ్చింది.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన మనిషి ఖాళీ ర్యాక్ చూసి చాలా మెచ్చుకున్నాడట. మూసేముందు ఒక్క మెషిన్ కూడా మిగల్చకుండా అప్పజెప్పిన సెంటర్ ఇదొక్కటేనట. మిగిలిన పని సున్నా అని రాసి ఎనిమిదో సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆ చేత్తోనే ఉద్యోగం అయిపోయిందన్న కాగితం ఇచ్చాడు. గుర్తుగా ఉంచుకోండి అని ఒక పాత మోడల్ మెషిన్ కూడా ఇచ్చాడు. ర్యాక్‌ని పాత సామాన్లవాడు అదే రోజు కోసి ముక్కలుగా పట్టుకుపోయాడు, గీతలతో సహా.

సాయంత్రం బావ నా షాపుకి వచ్చాడు. భుజాన టూల్స్ బ్యాగు ఉంది. మాటిచ్చినట్టే తనే పట్టుకుని వచ్చాడు. కుర్చీలో ఆవిడ మైక్రోస్కోపు మీద వంగి పనిచేసుకుంటోంది. బావ ఆ కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. బ్యాగు కింద పెట్టలేదు.

"నువ్వు రానన్నావు కదా బావా" అన్నాను. నెల రోజులుగా మనసులో తయారుచేసుకున్న మాట అది. అనేటప్పుడు బాగుంటుందనుకున్నాను, బాగాలేదు.

"అన్నాను" అన్నాడు. కాసేపు నిలబడి ఆవిడ చెయ్యి చూశాడు. టంకం శుభ్రంగా పెడుతోంది అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

రెండు వారాల తర్వాత ఆదివారం నేను అక్క ఇంట్లో ఉండగా రిసెప్షన్ అమ్మాయి వచ్చింది. సొరుగులో ఆయన భూతద్దం, టీ గ్లాసు ఉండిపోయాయట, ఇచ్చిపోదామని వచ్చింది. అక్క కూర్చోమని, ఇంత జరుగుతుంటే మాకు ఒక్కరూ చెప్పలేదమ్మా, ముందే తెలిస్తే తమ్ముడి షాపులో చేరిపోయేవారు కదా అని కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్ల తెల్లబోయి నా వైపు తిరిగింది.

"నేను నెల ముందే అన్నకి చెప్పానండీ. సార్‌కి చెప్తానన్నారు" అంది.

అక్క మెడ నా వైపు తిరిగింది. లోపల గదిలో బావ ఆ పాత మెషిన్ పెట్టుకుని ఆడుతున్నాడు. అక్కడి నుంచే, తల తిప్పకుండా అన్నాడు.

"చెప్పాడు. మర్నాడే వచ్చి చెప్పాడు. నేనే చెవిన పెట్టలేదు."

అక్క నెత్తి కొట్టుకుంది. ఈయన మొండితనం నాకు తెలియనిదా అని, నన్ను అనుమానించినందుకు నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకోవడం నాకు చేతకాలేదు. నిజం చెప్పడం అంతకంటే చేతకాలేదు.

ఇప్పుడు బావ ఒక గిడ్డంగిలో అట్టపెట్టెల మీద చీటీలు అంటిస్తున్నాడు. రోజంతా నిలబడి చేసే పని. సాయంత్రం నడుం పట్టుకుని మెట్లెక్కుతాడు. నా షాపులో చేరినావిడ నాలుగో నెలలో పెద్ద కంపెనీలో పని దొరికి వెళ్ళిపోయింది. కుర్చీ ఖాళీ అయింది. అది ఖాళీ అయిన రోజే నేను అక్క ఇంటికి పరిగెత్తాను. బావ తెర ముందు కూర్చుని ఉన్నాడు. మలుపులు, వంతెన, సొరంగం. జెండా కనపడింది, చెయ్యి స్విచ్ మీదకి పోయింది, ఆపేశాడు. ఇప్పుడు ఆపమన్న రూలు ఎవరూ పెట్టలేదు.

"బావా, కుర్చీ ఖాళీగా ఉంది. రేపటి నుంచి వచ్చెయ్. అది నీకోసం వేసిందే" అన్నాను.

ఆయన మెషిన్ వైరు చుట్టి పక్కన పెట్టాడు. వంటింట్లో ఉన్న అక్కకి వినపడేలా అన్నాడు.

"అప్పుడు అంత మంచిగా ఇంటికొచ్చి చెప్తేనే వినలేదు కదరా. ఇప్పుడు చెప్తే వింటానా?"

వంటింట్లోంచి అక్క అందుకుంది. వాడు మొదట్నుంచీ మీ మంచి కోరే చెప్తున్నాడు, ఈసారైనా వాడి మాట వినండి అంది.

బావ నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. నేను ఏమంటానో వినాలని నిజంగానే ఎదురుచూశాడు. నేను లేచి, చెప్పులేసుకుని, మెట్లు దిగి వచ్చేశాను.